జాగ్రఫీ చదివితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. ఇంజినీరింగ్ వద్దు, జాగ్రఫీ చదువుతానంటోంది. 'నదులు, రాజధానుల పేర్లు బట్టీపడితే ఉద్యోగం ఎవరిస్తారు?' అంటున్నారు బంధువులు. మాకు టెన్షన్‌గా ఉంది. – ఒక తల్లి, కైకలూరు

జవాబు: మీది కైకలూరు కాబట్టి నా పని సులువైందమ్మా. 'ఐదో కాంటూరు' గొడవ మీకు కొత్త కాదు. సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తును చూపే ఆ గీత లోపలి కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో దాని లోపలున్న చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. పటం మీద అదొక గీతే. దానివల్ల ఎన్ని కుటుంబాల బతుకుదెరువు తారుమారైందో మీరు చూసే ఉంటారు. అలాగని గట్లన్నీ ఉంచేస్తే, బుడమేరు, తమ్మిలేరు వాగులు తెచ్చిన వరద, కొల్లేరు నీటిని సముద్రంలో కలిపే ఉప్పుటేరుదాకా పోయేదెలా? ఇలాంటి చోట నీటి లెక్కా, మనుషుల లెక్కా రెండూ తెలిసినవాళ్లు కావాలి. జాగ్రఫీలో నేర్పేది అదే. పేర్ల బట్టీ ఏడో తరగతితోనే అయిపోయింది.

ఇక ఉద్యోగం. ఉత్త బీఏతో ఆపేస్తే కష్టమే, ఆ మాటవరకు మీ బంధువులదీ నిజమే. పీజీదాకా చదివించగలిగితేనే దిగండి. జాగ్రఫీకి జీఐఎస్ (కంప్యూటర్లో పటాలు గీసి విశ్లేషించడం), రిమోట్ సెన్సింగ్ (ఉపగ్రహ చిత్రాలతో నేలను చదవడం), స్టాటిస్టిక్స్ తోడైతే పట్టణ ప్రణాళిక, విపత్తు నిర్వహణ, నీటి వనరులు, మ్యాపింగ్ కంపెనీల వైపు దారులుంటాయి. ఎంపీసీ లెక్కలు ఇక్కడ బాగా పనికొస్తాయి. అయితే కాంట్రాక్టు కొలువులు తక్కువేం కాదు, అదీ తెలిసే రావాలి. టీచింగ్ ఇష్టమైతే బడికి బీఈడీ, కాలేజీకి నెట్ అర్హత పరీక్ష ఉన్నాయి. సివిల్స్‌లో జాగ్రఫీ ఆప్షనల్‌గా ఉంది కానీ, దానికోసమే ఈ డిగ్రీ తీసుకోవడం నాకు నచ్చదు.

మన దగ్గర డిగ్రీలో జాగ్రఫీ ఉన్న కాలేజీలు తక్కువ. ఢిల్లీ యూనివర్సిటీలో మిరాండా హౌస్, కిరోరీమల్ లాంటి చోట్ల ఆనర్స్ ఉంది, దానికి సీయూఈటీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి. పంపలేకపోతే ఇక్కడే స్టాటిస్టిక్స్ ఉన్న బీఎస్సీ చేసి, పీజీలో జియోఇన్ఫర్మేటిక్స్‌కు మారొచ్చు.

ఈలోగా క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ లాప్‌టాప్‌లో వేసుకుని, మీ మండలం పటం తనే తయారు చేయమనండి. రెండు వారాలైనా విసుగు రాకపోతే ఆ ఇష్టం నిజమైనదే. సీయూఈటీ దరఖాస్తులు ఇంటర్ పరీక్షలకు అటూఇటూగా పడతాయి, ఆ హడావిడిలో గడువు దాటనివ్వకండి. ఈఏపీసెట్ కూడా రాయనివ్వండి, పోయేదేం లేదు.