'పునఃప్రారంభించబడుతుంది' అంటే ఎవరు చేయాలి?

సందేహం: మేం కొందరం కలిసి, లినక్స్ (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టం) వాడేవారి కోసం తెలుగులో సహాయపత్రాలు రాస్తున్నాం. చదివేవాళ్ల దగ్గర రకరకాల కంపెనీల ల్యాప్‌టాప్‌లు, పాత డెస్క్‌టాప్‌లు ఉంటాయి. అందుకని "మీ హార్డ్‌వేర్‌పై ఆధారపడి ఈ ఎంపిక కనిపించవచ్చు లేదా కనిపించకపోవచ్చు", "కంప్యూటర్ పునఃప్రారంభించబడుతుంది" లాంటి వాక్యాలు వాడుతున్నాం. ఇవి సరైనవేనా? 'రీస్టార్ట్' అని రాస్తే తెలుగు చెడిపోతుందా?

సమాధానం: వ్యాకరణం ప్రకారం తప్పులేదు. కానీ వాటిని చదివినవాళ్లకి ఏం చేయాలో తెలియదు. సహాయపత్రంలో అంతకన్నా పెద్ద దోషం ఉండదు.

ముందు 'పునఃప్రారంభించబడుతుంది' సంగతి చూద్దాం. తెలుగులో 'అవు', 'చేయు' అని రెండు క్రియలున్నాయి. 'రీస్టార్ట్ అవుతుంది' అంటే దానంతట అదే అవుతుంది, మనం ఆగాలి. 'రీస్టార్ట్ చేయండి' అంటే మనమే చేయాలి. మొన్న స్కూలుకి వెళ్లడం మొదలుపెట్టిన పిల్లాడికి కూడా 'లైటు ఆరిపోయింది', 'లైటు ఆర్పేశాను' అనే మాటల్లో తేడా తెలుసు. '-బడు' తగిలించేసరికి ఆ తేడా చెరిగిపోతుంది. కనబడు, వినబడు వేరు, అవి నోటికి అలవాటైన మాటలు.

మా బాబాయి రిటైర్డ్ టీచరు. ఒకరోజు ల్యాప్‌టాప్‌లో బయాస్ (కంప్యూటర్ ఆన్ కాగానే ముందుగా నడిచే ప్రోగ్రాం) అప్‌డేట్ మొదలుపెట్టి నాకు ఫోన్ చేశారు. ప్రింటు తీసుకున్న కాగితంలో "నవీకరణ అనంతరం కంప్యూటర్ పునఃప్రారంభించబడుతుంది" అని ఉందట. తెర నల్లగా అయిపోయి రెండు నిమిషాలైంది. "ఒరేయ్, ఇప్పుడు పవర్ బటన్ నేను నొక్కాలా, అదే వస్తుందా?" అని టెన్షన్ పడుతున్నారు. వేలు అప్పటికే బటన్ మీద ఉంది. బయాస్ మారుతుండగా కరెంటు ఆగితే ఆ మదర్‌బోర్డు మళ్లీ లేవకపోయే ప్రమాదం ఉంది. "ముట్టుకోకండి బాబాయ్" అన్నాను. కాసేపటికి అదే ఆన్ అయింది. ఆ కాగితంలో ఉండాల్సింది ఇది: "తెర కాసేపు నల్లగా ఉంటుంది. కంప్యూటర్ దానంతట అదే ఆన్ అవుతుంది. అప్పటిదాకా పవర్ బటన్ నొక్కొద్దు, ఛార్జర్ తీయొద్దు."

ఇక రెండో వాక్యం. 'వచ్చు' రెండు పనులు చేస్తుంది. 'మీరు వెళ్లవచ్చు' అంటే అనుమతి, 'వాన పడవచ్చు' అంటే అవకాశం. అందుకే సూచనల్లో దాన్ని ఆచితూచి వాడాలి. 'ఎఫ్2 నొక్కవచ్చు' అంటే నొక్కి తీరాలా, మన ఇష్టమా? 'ఆధారపడి' కూడా ఇక్కడ అతకదు. కొడుకు మీద ఆధారపడి బతుకుతారు. హార్డ్‌వేర్‌ను 'బట్టి' మారుతుంది. అసలు 'కొన్నింటిలో ఉంటుంది, కొన్నింటిలో ఉండదు' అనేది మనం రోజూ అనే మాటే. అలా అన్నాక వేటిలో ఉంటుందో కూడా చెప్పాలి. బయాస్‌లోకి వెళ్లడానికి సాధారణంగా డెల్‌లో ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10, లెనోవో థింక్‌ప్యాడ్‌లో ఎఫ్1, చాలా డెస్క్‌టాప్ బోర్డుల్లో డిలీట్ నొక్కాలి. అలాగే 'వైఫై పనిచేయకపోవచ్చు' అని వదిలేయకండి. బ్రాడ్‌కామ్ కంపెనీ వైఫై చిప్‌లలో కొన్నింటికి డ్రైవర్ (చిప్‌ను పనిచేయించే సాఫ్ట్‌వేర్) విడిగా వేసుకోవాలనీ, అది దించుకోవడానికి నెట్ కావాలి కాబట్టి ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి వాడుకోవచ్చనీ రాయండి. (ఇక్కడ 'వచ్చు' సరిపోయింది, గమనించారా?)

ఈ పనికి మన వాక్య నిర్మాణం ఎంత అనువైనదో చూడండి. తెలుగులో షరతు ముందొస్తుంది, చేయాల్సిన పని చివరికి వస్తుంది. 'హెచ్‌పీ అయితే ఎఫ్10 నొక్కండి' అని రాస్తే, డెల్ ఉన్నవాళ్లు మొదటి రెండు మాటల దగ్గరే ఇది మనది కాదని కింది వాక్యానికి వెళ్లిపోతారు. 'ఎఫ్10 నొక్కండి, ఒకవేళ మీ కంప్యూటర్ హెచ్‌పీ అయినట్లయితే' అని తిప్పి రాస్తే, షరతు కంటపడేలోపే వేలు కీ మీద పడుతుంది. '-తే' ఉన్నచోట 'ఒకవేళ' దాదాపు ఎప్పుడూ అక్కర్లేదు.

'రీస్టార్ట్' నిరభ్యంతరంగా రాయండి. అయితే తెర మీద తెలుగులో వేరే మాట ఉంటే, అక్షరం మార్చకుండా దాన్నే ఇవ్వండి. కీల పేర్లకూ ఇదే పద్ధతి. డిలీట్‌ను 'తొలగింపు మీట' అని రాస్తే చదివినవాళ్లు కీబోర్డంతా వెతుక్కోవాలి, ఆ మాట దాని మీద ఎక్కడా ఉండదు.