నీ కథలో రేటేదీ?

అమ్మాయీ,

నీ కథ నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. రెండోసారి కోపంతో చదివాను. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ముందర ట్రాక్టర్ల వరసలో మూడు రోజులు పడిగాపులు పడి, ట్రాలీ కింద గోనెపట్ట పరుచుకుని పడుకున్న అమ్మ, టోకెన్ చీటీని కొంగున ముడేసుకుని నిద్రలో కూడా ఆ ముడిని తడుముకుంటుందని రాశావే, అక్కడ చాలాసేపు ఆగిపోయాను. అంత మంచి చోటు నుంచి లేచి వచ్చి ఆఖరి పేజీలో మైకు పట్టుకున్నావు. "నాయకులందరూ దొంగలే, ఎవరొచ్చినా ఇంతే" అని కథలోని పిల్ల చేత చెప్పించావు. ఎందుకమ్మా?

ఆ మాట టీ కొట్టు దగ్గర ఎవరైనా అంటారు. అది విని ఏ నాయకుడికీ నిద్ర చెడదు, వాళ్ళూ ఎదుటి పార్టీని రోజూ అదే అంటారు. వాళ్ళకు టెన్షన్ మొదలయ్యేది లెక్క అడిగినప్పుడు. నీ కథలో రేటు లేదు. 2025 సీజన్లో తోతాపురి మామిడికి కిలో 12 రూపాయలన్నారు, ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4 ఇవ్వాలని. మీ ఇంటి కథే అని ఉత్తరంలో రాశావు కదా, మరి మీ నాయన చేతికి ఎంత వచ్చింది, ఏ నెలలో వచ్చింది? కోత కూలి ఎంత, ట్రాక్టర్ బాడుగ ఎంత, ఆ మూడు రోజుల ఎండకు కుళ్ళిపోయిన కాయ ఎంత?

పై స్థాయిలో ప్రభుత్వాలు చేసిందీ లెక్కే. చనిపోయినవాళ్ళ పెద్ద ఆస్తుల మీద వేసే ఎస్టేట్ డ్యూటీని 1985లో కాంగ్రెస్ ప్రభుత్వం ఎత్తేసింది. సంపద పన్నును 2015 బడ్జెట్లో బీజేపీ ప్రభుత్వం ఎత్తేసింది. బదులుగా కోటి దాటిన ఆదాయం మీద 2 శాతం సర్‌ఛార్జి వేశారు, కానీ ఏటా వచ్చే ఆదాయం వేరు, తరాలుగా కూడబెట్టిన ఆస్తి వేరు. 2022-23 నాటికి దేశ సంపదలో 40 శాతం, అందరికన్నా ధనవంతులైన ఒక్క శాతం మంది దగ్గరే ఉందని ఆర్థిక అసమానతలను లెక్కగట్టే వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ పరిశోధకులు తేల్చారు. "అందరూ దొంగలే" అనేస్తే ఇదంతా అడగకుండా వదిలేసినట్టే.

మా నాయన సంగతి చెప్తాను. 1973లో భూసంస్కరణల చట్టం వచ్చింది, మెట్ట అయితే నేలను బట్టి ఒక కుటుంబానికి 35 నుంచి 54 ఎకరాలకు మించి ఉండకూడదని. నాయన మా ఊరి భూస్వామి దగ్గర జీతగాడు. ఒకరోజు పిలిపించి నాలుగు కాగితాల మీద వేలిముద్ర వేయించుకున్నారు. నాకప్పుడు పన్నెండేళ్ళు. ఇంటికొచ్చి ఆయన బొటనవేలిని గోడ సున్నానికేసి రుద్దుతుంటే మరక పోకుండా ఇంకా సాగింది. చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు, భూస్వామి మిగులు భూమి చట్టానికి చిక్కకుండా ఆ కాగితాల్లో మా నాయనను మూడెకరాల ఆసామిని చేశారని. ఆ మూడెకరాలూ ఆయన చివరిదాకా కూలికే దున్నాడు.

దాన్ని కథ రాసి పంపితే ఒక ఎడిటర్ ఎకరాలూ సర్వే నంబర్లూ కొట్టేసి, చివర్లో తండ్రి పొద్దుపొడుపు వైపు పిడికిలెత్తినట్టు తనే ఒక పేరా రాసి అచ్చేశాడు. నాయనకు చదువు రాదు, నేనే చదివి వినిపించాను. అంతా విని, "నేనెప్పుడు చెయ్యెత్తినాను రా?" అనడిగాడు. ఆ పత్రికకు మళ్ళీ రాయలేదు. ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు నాకు. ఇప్పుడు పిడికిలి పోయి నిట్టూర్పు ఫ్యాషన్ అయింది, కథ ఎక్కడ మొదలైనా విరక్తితోనే ముగియాలి, మధ్యలో మన యాస నాలుగు మాటలు చల్లాలి. నువ్వూ ఆ దోవ పట్టొద్దు. మీ అమ్మ విరక్తితో పడుకోలేదు, చీటీ పోతుందేమోనని భయపడుతూ పడుకుంది.

పోటీలకు పంపాలా, పుస్తకం ఎవరు వేస్తారు అని ఏవేవో అడిగావు. వాటి గురించి ఇప్పుడు రాయబుద్ధి కావడం లేదు. ఆఖరి పేజీ చింపేయి. ఇంట్లో కూర్చుని లెక్కంతా అడిగి రాసుకో, నాయన విసుక్కున్నా వదలకు. వచ్చే ఆదివారం నేను తిరుపతిలోనే ఉంటాను, రాసింది పట్టుకుని రా. ఆ టోకెన్ చీటీ ఇంకా ఇంట్లో ఉంటే దాన్ని కూడా తీసుకురా, నంబరు ఎంతో చూడాలి.