ముందు ఆ కొంగ ఎటు నుంచి వచ్చిందో రాయి

తమ్ముడూ,

హుస్సేన్‌సాగర్ మీద నువ్వు పంపిన పీస్ చదివాను. ఎర్రబడ్డ నీళ్లున్నాయి, బుద్ధుడున్నాడు, గూటికి చేరే పక్షులున్నాయి, కానీ అవి ఏ పక్షులో ఎక్కడా లేదు. ట్యాంక్‌బండ్ తీసేసి కొల్లేరు అని పెట్టినా నీ రాతలో ఒక్క వాక్యం కూడా మార్చక్కర్లేదు, అదే నా కంప్లైంట్.

అసలు అవి గూళ్లకి పోవట్లేదు కూడా. గుడ్లు, పిల్లలు ఉన్నప్పుడే గూడు, మిగతా రోజుల్లో కొంగలు, నీటికాకులు ఒక చెట్టు పట్టుకుని గుంపుగా పడుకుంటాయంతే. ఆ చెట్టు ఏదో పగలే వెతుక్కో, కింద ఫుట్‌పాత్ రెట్టలతో తెల్లగా ఉంటుంది, ఈజీగా దొరుకుతుంది. చీకటి పడే గంట ముందు కొంచెం దూరంగా నిలబడి చూడు, నీటికాకులు ఎటు వైపు నుంచి వచ్చాయి, కొంగలు వాటికంటే ముందా వెనకా, పైకొమ్మ కోసం ఎవరు ఎవర్ని తోశారు (కిందున్నదాని నెత్తిన పైదాని రెట్ట పడుతుంది మరి), ఇదంతా టైమ్ వేసి రాసుకో. ఇవి సర్దుకునే టైమ్‌కే పగలంతా ఆకుల్లో నిద్రపోయిన నైట్ హెరాన్‌లు క్వాక్ మంటూ వేటకి బయల్దేరతాయి, మన హైటెక్ సిటీ నైట్ షిఫ్ట్ వాళ్లలాగా. నువ్వేమో సూర్యుడు మునగ్గానే ఇంటికెళ్లిపోయినట్టున్నావ్.

పొద్దున్నే ఇంకోసారి వెళ్లు. సాయంత్రం అందరూ రాస్తారు గానీ అసలు మజా తిండి దగ్గరే. నీటికాకులు గుంపుగా ఈదుతూ, మునుగుతూ చేపల్ని తరుముతుంటే, ఒడ్డుకి పారిపోయొచ్చిన వాటిని కొంగలు తీరిగ్గా ఏరుకుంటాయి, అంటే కష్టం ఒకళ్లది భోజనం ఇద్దరిదీ. లుంబినీ పార్క్ బోట్ల జెట్టీ దగ్గర నిలబడి బోటు స్టార్ట్ చెయ్యగానే ఏది లేచిపోతుంది, ఏది పట్టించుకోదు, అదొక్కటి చూసినా ఒక పేజీ వస్తుంది. ఇంకా, నీటికాకి రెక్కలు చాపి దండం పెడుతోందని దయచేసి రాయకు, దాని ఈకలు నీళ్లు పీల్చుకుంటాయి, అందుకే మునగడం తేలిక, బయటికొచ్చాక ఆరబెట్టుకోక తప్పదు.

పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1931-32లో మన హైదరాబాద్ స్టేట్ అంతా తిరిగి పక్షుల సర్వే చేశాడు. ఏ పిట్ట ఎక్కడ ఏ తారీఖున దొరికిందో రాసిపెట్టుకున్నాడు కాబట్టే ఇప్పటికీ అది పనికొస్తోంది.

కెమెరా కొనే తొందరొద్దు, ఎయిట్ బై ఫార్టీటూ (ఎనిమిది రెట్లు పెద్దగా చూపించే, 42 మి.మీ. ముందు అద్దాలున్న) బైనాక్యులర్ చాలు. జనవరిలో ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్, అంటే నీటిపక్షుల లెక్కింపు, జరుగుతుంది, ఆ లెక్క పెట్టేవాళ్ల పక్కన ఒక పూట ఉండు, పెద్ద గుంపైతే ఒక్కోదాన్ని లెక్కపెట్టరు, పది పిట్టలు ఎంత జాగా పట్టాయో చూసుకుని ఆ ముక్కని గుంపంతా జరుపుకుంటూ పోతారు. నేర్చుకున్నాక ఆ పీస్ మళ్లీ రాసి పంపు, ఈసారి రెండు పేజీలు దాటనివ్వకు.

— అన్న