అరిష్టం మొదలుపెట్టాక ముఖం ఎర్రబడటం, మళ్ళీ తాగాలనిపించడం

మద్యం మానేసిన మీ అన్నయ్యకు అశ్వగంధారిష్టం పట్టాక దడ, ముఖం ఎర్రబడటం, మళ్ళీ తాగాలన్న యావ వస్తున్నాయంటే, ముందు ఆ అరిష్టాన్నే అనుమానించాలి. ఆయుర్వేద మందుల్లో ఆసవాలు, అరిష్టాలు పులియబెట్టి చేసేవి. వాటిలో సాధారణంగా 5 నుంచి 10 శాతం ఆల్కహాల్ ఉంటుంది.

1. ఈ రోజే ఆపండి. ద్రాక్షాసవం, శ్రీఖండాసవం కూడా అంతే.

2. చాలామంది వదిలేసేది ఇదే: ఆయన వేసుకునే మాత్రల్లో డైసల్ఫిరామ్ (మద్యం మాన్పించడానికి ఇచ్చే మందు) ఉందేమో చూడండి. ఉంటే కొద్దిపాటి ఆల్కహాల్‌కే వాంతులు, దడ వస్తాయి. మాత్ర ఆపినా 14 రోజుల దాకా ఆ ప్రభావం ఉండొచ్చు. దగ్గుమందు, మౌత్‌వాష్ లేబుళ్ళ మీదా ఆల్కహాల్ శాతం చూడండి. ఛాతీ నొప్పి, ఆయాసం వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

3. అశ్వగంధ చూర్ణంలో ఆల్కహాల్ ఉండదు. కానీ కొందరిలో అది కాలేయాన్ని దెబ్బతీసింది, నిద్రమాత్రలతో కలిస్తే మత్తు పెంచుతుంది. లివర్ పరీక్ష చేయించి, డాక్టరుకూ ఆయుర్వేద వైద్యుడికీ ఇద్దరికీ చెప్పాకే వాడండి.

4. దాహానికి, నోరు ఎండిపోవడానికి ఖర్జూరాది మంథం అనే ఆయుర్వేద పానీయం మంచిది. ఖర్జూరం, ఎండుద్రాక్ష, చింతపండు, దానిమ్మ, ఉసిరిక వంటివి దంచి, ఒక వంతుకు నాలుగు వంతుల చల్లటి నీళ్ళు పోసి, చిలికి వడకట్టండి. నిలవ ఉంచితే పులుస్తుంది, అప్పటికప్పుడే తాగాలి. షుగర్ ఉంటే వద్దు.

5. మళ్ళీ రోజూ మద్యం తాగుతుంటే ఇంట్లో ఒక్కసారిగా మాన్పించకండి. మానేసిన 6 నుంచి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలోనే మాన్పించాలి.