రంగు పండటం తర్వాత, ముందు ఆ పొక్కుల సంగతి చూడండి

ప్రశ్న: నా వయసు 24 ఏళ్లు. మెహెందీ డిజైన్లు వేయడం నేర్చుకుంటూ రోజూ నా ఎడమచేతి మీదే సాధన చేస్తున్నాను. గీతలు వణుకుతున్నాయి, రంగూ ముదురుగా పండటం లేదు. కోన్‌లో ఏం కలిపితే బాగా పండుతుంది? త్వరగా నల్లగా పండే కోన్ ఇదివరకు వాడితే ఏమీ కాలేదు కానీ, ఈసారి రెండో రోజు నుంచి దురద, చిన్న పొక్కులు వచ్చాయి. తెలిసినవాళ్లు ఇచ్చిన ఆయింట్‌మెంట్ రాస్తే తగ్గుతోంది, మానేస్తే మళ్లీ వస్తోంది. – ఒక పాఠకురాలు

జవాబు: మీరు అడిగింది రంగు గురించే అయినా, నేను ఆలోచించవలసి వస్తున్నది చివర్లో రెండు ముక్కల్లో రాసి వదిలేసిన పొక్కుల గురించి. చేతిని చూడకుండా నిర్ధారణ చేయడం సరికాదు గానీ, మీరు చెప్పిన క్రమాన్ని బట్టి ఇది అలర్జిక్ కాంటాక్ట్ డెర్మటైటిస్ (చర్మానికి తగిలిన పదార్థం పడక వచ్చే వాపు) కావచ్చునని అనుమానించవలసి ఉంది. ఇలాంటివారిలో ఎర్రదనం, పొక్కులు తీగ సాగిన చోటల్లా సాగి, పూరేకు మలుపు తిరిగిన చోటల్లా తిరిగి, వేసిన డిజైన్ మొత్తం చర్మం మీద ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. మీ చేతి మీద కూడా అలాగే ఉందేమో గమనించండి.

గోరింటాకులోని లాసోన్ అనే రంగు పదార్థం చర్మం పైపొరలోని కెరటిన్ అనే ప్రొటీన్‌కు అంటుకుని, మొదట నారింజ రంగులో కనిపించి, ఒకటి రెండు రోజుల్లో ముదురు గోధుమ రంగుకు మారుతుంది; దానితో అలర్జీ అరుదు. గంట, రెండు గంటల్లోనే నల్లగా పండిందంటే, జుట్టు రంగుల్లో వాడే పారాఫినిలీన్‌డయమిన్ (పీపీడీ) అందులో కలిపి ఉండే అవకాశం ఎక్కువ. కోన్ మీద ఆ పేరు రాసి ఉండకపోవచ్చు. ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారం తలకు రాసే రంగులోనే అది 2 శాతానికి మించరాదు. నల్ల కోన్లలో అంతకు ఎన్నో రెట్లు ఉన్న సందర్భాలు నమోదయ్యాయి. ఇదివరకు ఏమీ కాలేదన్న ధీమా ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే ఆ తొలి వాడకాల్లోనే రోగనిరోధక వ్యవస్థ ఆ రసాయనాన్ని గుర్తుపెట్టుకుని, మళ్లీ తగిలినప్పుడు ఒకటి నుంచి మూడు రోజుల్లో ఎదురుతిరుగుతుంది. ఒకసారి వచ్చిన ఈ అలర్జీ సాధారణంగా జీవితాంతం ఉంటుంది. మున్ముందు జుట్టుకు రంగు వేసుకుంటే కనురెప్పలు, ముఖం వాచిపోయే ప్రమాదం ఉంది.

ఇక ఆ ఆయింట్‌మెంట్. పేరైనా రాయలేదు కాబట్టి అదేమిటో నేను చెప్పలేను. అయితే ఇలా చేతులు మారే పూతమందుల్లో చాలావరకు గాఢమైన స్టెరాయిడ్‌తో పాటు యాంటీబయాటిక్, ఫంగస్ మందు కలిసి ఉంటాయి. స్టెరాయిడ్ వాపును అణచివేయడం వల్ల తగ్గినట్లు కనిపిస్తుంది, కారణం మాత్రం అలాగే ఉంటుంది. వారాల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, రంగు వెలిసిపోతుంది, ఫంగస్ ఉంటే పైకి తెలియకుండా పాకుతుంది. అందులోని నియోమైసిన్ వంటి యాంటీబయాటిక్‌కే కొందరికి అలర్జీ వస్తుంది. మీ సమస్యకు డాక్టర్ రాసేదీ స్టెరాయిడే కావచ్చు, కానీ ఎంత గాఢత, ఎన్ని రోజులు, ఎలా తగ్గించాలన్నది చేతిని చూసి నిర్ణయించవలసిన విషయం. గీత కాస్త వంకరపోతేనే తుడిచి మళ్లీ వేసే మీరు, పేరు కూడా చూడకుండా మందు రాసుకోవడం ఏమీ బాగాలేదమ్మా.

కోన్ వాడకం వెంటనే ఆపి, చర్మవ్యాధి నిపుణులను కలవండి. వాడిన కోన్‌ను, ఆయింట్‌మెంట్ ట్యూబును పారేయకుండా వెంట తీసుకెళ్లండి. పొక్కులు మానాక వీపు మీద ప్యాచ్ టెస్ట్ (అనుమానమున్న పదార్థాలను కొద్దిగా చర్మానికి అంటించి అలర్జీని చూసే పరీక్ష) చేసి, సుమారు రెండో రోజున, నాలుగో రోజున చూస్తారు. అదే కోన్‌ను మరోచోట చుక్క పెట్టి ఇంట్లో పరీక్షించుకోవద్దు. ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా, చీము లేదా జ్వరం వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

రంగు కోసం కోన్‌లో కిరోసిన్, టర్పెంటైన్ వంటివేవీ కలపకూడదు. చెయ్యి మానేదాకా డిజైన్ కాగితంపై పారదర్శకమైన ప్లాస్టిక్ షీట్ పరిచి సాధన చేయండి. గీతల వణుకు అభ్యాసంతో పోయేదే. కోన్ పట్టుకోనప్పుడు కూడా చేతులు వణుకుతూ, గుండె దడ, బరువు తగ్గడం ఉంటే మాత్రం థైరాయిడ్ పరీక్ష అవసరం కావచ్చు. మీ చెయ్యి ఖాళీ లేదని పసిపిల్లల చేతుల మీద మాత్రం సాధన చేయకండి: జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైమ్) లోపం పుట్టుకతో ఉన్న శిశువుల్లో కల్తీ లేని గోరింటాకు కూడా ఎర్ర రక్తకణాలను విచ్ఛిన్నం చేసి కామెర్లకు, తీవ్రమైన రక్తహీనతకు దారితీయగలదు.