ఘాంద్రుక్ వెళ్తున్న మాధవికి

చిరంజీవి మాధవికి పెద్దమ్మ దీవెనలు.

నేపాల్ పల్లె గురించి రాయడానికి ఘాంద్రుక్ ఎంచుకున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. పోఖరా నుంచి నయాపూల్ మీదుగా జీపులు దాదాపు ఊరిదాకా వెళ్తున్నాయి. ఒక రాత్రి పడుకుని, పొద్దున్నే అన్నపూర్ణ సౌత్, మచ్ఛపుచ్ఛ్రే శిఖరాల ఫొటోలు తీసుకుని దిగిపోయేవాళ్లే ఎక్కువ. నువ్వలా చేయకు. నాలుగు రోజులైనా ఒకే ఇంట్లో ఉండు.

అది గురుంగు తెగవాళ్ల ఊరు. రెండు వేల మీటర్ల ఎత్తున, పలకరాళ్లు కప్పిన ఇళ్లు, మెట్ల పొలాలు. అక్కడ కోదో అనేది మన రాగులే. ఆ పిండితో కెలికే ఢిండో అచ్చం మన సంగటి. దాంతో గుంద్రుక్ పులుసు పెడతారు. గుంద్రుక్ అంటే పులియబెట్టి ఎండబెట్టిన ఆకుకూర. కోదో కోతలు నవంబరు ప్రాంతంలో ఉంటాయి, అప్పుడే వెళ్లు. కొడవలి అడిగి తీసుకుని పొలంలోకి దిగు. కూర్చోబెట్టి ప్రశ్నలడిగితే చెప్పని మాటలు పని మధ్యలో వాటంతటవే వస్తాయి.

ముఖ్యంగా ఊళ్లో లేనివాళ్ల గురించి అడుగు. ఆ ఇళ్ల మగవాళ్లు తరతరాలుగా బ్రిటిష్ గూర్ఖా పటాలాల్లో, మన సైన్యంలో పనిచేశారు. చాలా ఇళ్లు పింఛను మీదే నిలబడ్డాయి. ఇప్పటి కుర్రాళ్లు గల్ఫ్‌కు, మలేసియాకు, కొరియాకు పోతున్నారు. జగిత్యాల పల్లెల్లో పెరిగినదానివి, ఆ ముసలితల్లుల ఎదురుచూపు నీకు ఎవరూ వివరించక్కర్లేదు. అది రాయకుండా కొండల అందం ఎంత రాసినా నాకు నచ్చదు.

ఆమా సమూహ్ అనే తల్లుల సంఘం ఆడవాళ్లను తప్పక కలువు. అతిథుల ముందు ఆడిపాడి వచ్చిన డబ్బుతో బాటలు, బడి బాగు చేయించుకుంటారు. ఆ కొండల్నీ అడవుల్నీ కాపాడే అన్నపూర్ణ సంరక్షణ పథకం 1986లో ఈ ఊళ్లోనే మొదలైంది. అడవి గురించి ముందు ఆ ఆడవాళ్లను అడుగు, పథకం ఆఫీసు వాళ్లను తర్వాత అడగొచ్చు.

పెద్దామెను ‘ఆమా’ అను, నీకంటే కాస్త పెద్దదైతే ‘దిదీ’. పిలవకుండా పొయ్యి దగ్గరికి వెళ్లకు. ఎంగిలి పట్టింపు గట్టిగా ఉంటుంది, నీళ్లు ఎత్తి పోసుకుని తాగు. రాత్రి కోదో సారా పోస్తారు. తాగనంటే ఎవరూ బాధపడరు, నవ్వుతూ చెప్పు.

వీసా అక్కర్లేదు గానీ పాస్‌పోర్టో ఓటరు కార్డో ఉండాలి. ఆధార్ ఒక్కటే పట్టుకుని విమానాశ్రయానికి వెళ్లకు. సంరక్షణ ప్రాంతం పర్మిట్ పోఖరాలోనే తీసుకో. చేరగానే మీ అమ్మకు ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ