ఎడిన్‌బరాలో ఒక్కదాన్నే, ఒక్క రోజు

ప్రశ్న: మేడమ్, మాది వైజాగ్, ఇప్పుడు మాంచెస్టర్‌లో ఎంఎస్సీ చేస్తున్నా. జూన్‌లో ఫ్రెండ్స్‌తో స్కాట్లాండ్ ట్రిప్ అనుకున్నాం, ఒక్కొక్కళ్లూ తప్పుకున్నారు, నా టికెట్లు మాత్రం ఉన్నాయి. శుక్రవారం రాత్రికి ఎడిన్‌బరా చేరతా, ఆదివారం పొద్దున్నే తిరుగు ట్రైన్. శనివారం ఒక్క రోజులో ఏం చూడాలి, ఏం తినాలి (బీఫ్ తినను)? క్రాఫ్ట్ బీర్ (చిన్న బ్రూవరీలు చేసే బీర్) కూడా తాగాలని ఉంది, ఆడపిల్ల ఒక్కతే పబ్‌కి వెళ్తే ఏమైనా అనుకుంటారా? – ఒక పాఠకురాలు

జవాబు: వెళ్లమ్మా, కేన్సిల్ మాత్రం చేసుకోకు. నేను మొదటిసారి ఎడిన్‌బరా చూసింది కూడా ఒక్కదాన్నే, చూడాల్సినవి చాలావరకు నడక దూరంలోనే ఉంటాయి, ఎక్కడ ఎంతసేపు ఆగినా పక్కన తొందరపెట్టేవాళ్లు ఉండరు.

పొద్దున ఏడింటికల్లా ఆర్థర్స్ సీట్ అనే కొండ ఎక్కడం మొదలుపెట్టు. హోలీరూడ్ ప్యాలెస్ పక్కనుంచి దారి, 251 మీటర్లే, మెల్లగా ఎక్కినా గంట. 30 కోట్ల ఏళ్లకు పైగా కిందట చల్లారిన అగ్నిపర్వతం అది, ఎడిన్‌బరా కోట ఉన్న బండ కూడా అలాంటిదే. పైనుంచి ఒకవైపు ఊరు, ఇంకోవైపు సముద్రం, నీకు కైలాసగిరి గుర్తొస్తుంది చూడు. గాలి మాత్రం మన గాలి కాదు, జూన్ అయినా విండ్‌చీటర్, పట్టున్న షూస్ ఉండాల్సిందే.

దిగి రాయల్ మైల్ అనే పాత వీధి మీదుగా కోట వైపు నడువు. లోపలికి వెళ్లాలా అంటే, ఒక్క రోజే ఉంది కాబట్టి నేను వద్దనే అంటా, టికెట్ రేటు ఎక్కువ, రష్, సగం రోజు అక్కడే అయిపోతుంది. ఒంటిగంటకి కింద ప్రిన్సెస్ స్ట్రీట్ గార్డెన్స్‌లో ఉంటే కోట మీద ఫిరంగి పేలడం వినొచ్చు. లీత్ రేవులో ఓడలవాళ్లు గడియారాలు సరిచూసుకోడానికని 1861లో మొదలుపెట్టారు, అంతకుముందు కాల్టన్ హిల్ మీద టైముకి ఒక పెద్ద బంతిని జారవిడిచేవాళ్లు కానీ పొగమంచు పడితే అది కనపడేది కాదు. ఆదివారం పేల్చరు, నీది శనివారం కాబట్టి పర్లేదు.

తిండికొస్తే హ్యాగిస్ తినాలి, కానీ అడిగి తిను. గొర్రె గుండె, లివర్, ఊపిరితిత్తులు సన్నగా కొట్టి ఓట్స్, ఉల్లిపాయ, మిరియాలు కలిపి వండుతారు, బోటీ తలకాయ తినే ఇంట్లో పెరిగితే ఆ రుచి కొత్తగా అనిపించదు. అయితే చాలా చోట్ల అందులో బీఫ్ కొవ్వు వేస్తారు, చిప్స్ కూడా కొన్ని షాపుల్లో బీఫ్ కొవ్వులోనే వేయిస్తారు, ఈ సంగతి మనవాళ్లలో చాలామందికి తెలీదు. నీకైతే వెజ్ హ్యాగిస్ నయం, పప్పులు, బీన్స్, ఓట్స్‌తో చేస్తారు, మిరియాల ఘాటు అలాగే ఉంటుంది. లేదంటే కల్లెన్ స్కింక్ తీసుకో, పొగ పెట్టిన హ్యాడక్ చేప, బంగాళదుంప, పాలతో చేసే చిక్కటి సూప్, కొండ దిగొచ్చాక అంత హాయి ఇంకోటి లేదు. తర్వాత నేషనల్ మ్యూజియంలో గంటసేపు, ఫ్రీ, 1996లో క్లోనింగ్‌తో పుట్టిన డాలీ గొర్రె అక్కడే ఉంది.

ఇక బీర్. ఒంటరిగా ఆడవాళ్లు పబ్‌లో కూర్చోవడం అక్కడ మామూలు విషయం, ఎవరూ తలతిప్పి చూడరు. కౌంటర్ దగ్గరే ఆర్డర్ చెప్పి డబ్బులిచ్చి గ్లాస్ తెచ్చుకోవాలి. పాతికేళ్ల లోపులా కనిపిస్తే ఐడీ అడుగుతారు, పాస్‌పోర్ట్ దగ్గరుంచుకో. మొదటిది వేవర్లీ స్టేషన్ దగ్గర కేఫ్ రాయల్‌లో తాగు, గోడల మీద జేమ్స్ వాట్ లాంటి వాళ్ల టైల్ బొమ్మలు చూస్తూ. అక్కడ హ్యాండ్ పంప్‌తో లాగి ఇచ్చే కాస్క్ ఏల్ (పీపాలోనే పులిసే సంప్రదాయ బీర్) అడుగు, 11–13 డిగ్రీల్లో ఉంటుంది, గ్యాస్ తక్కువ, మన చిల్డ్ కింగ్‌ఫిషర్ అనుకుని నోట్లో పెడితే నిరాశే, అదే మెల్లగా తాగితే మాల్ట్ తీపి తెలుస్తుంది. బోర్డు మీద 80 షిల్లింగ్ అని కనిపిస్తే కంగారుపడకు, అది ధర కాదు, ఒకప్పటి పీపా రేటుని బట్టి వచ్చిన పేరు, పెద్దగా చేదుండని స్కాటిష్ ఏల్.

సాయంత్రం ట్రామ్ ఎక్కి లీత్‌లో ది షోర్ స్టాప్‌లో దిగు (టికెట్ ఎక్కేముందే కొనాలి). 2023 జూన్ నుంచి ట్రామ్ అటు వెళ్తోంది. పైలట్, న్యూబార్న్స్ లాంటి చిన్న బ్రూవరీలు లీత్‌లో పుట్టినవే, ఆ చుట్టుపక్కల టాప్‌రూముల్లో (బ్రూవరీలు తమ బీర్ తామే పోసే బార్లు) ఏది తెరిచుందో ఆ రోజు పొద్దున్నే చూసుకో. ఎక్కడైనా హాఫ్ పింటే అడుగు, 284 ఎంఎల్, క్రాఫ్ట్ బీర్లలో 7 శాతం దాటినవి కూడా ఉంటాయి, ఒక్కదానివే ఉన్నావు కాబట్టి మొత్తం మీద మూడు హాఫ్‌లు చాలు, మధ్యలో మంచినీళ్లు అడుగు, ఫ్రీగా ఇస్తారు. జూన్‌లో రాత్రి పది దాకా వెలుతురుంటుంది, నీళ్ల పక్కన కాసేపు నడిచి, అమ్మకి వీడియో కాల్ చేసి చూపించి, ట్రామ్‌లోనే రూముకి వచ్చెయ్.

ప్రశ్న: మేడమ్, మేం పూర్తి శాకాహారులం. గ్లాస్గోలో ఉన్న మా అబ్బాయి బీర్‌లో కూడా చేప ఉంటుందంటున్నాడు, నిజమేనా? – ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: నిజమేనండీ. బీర్ తేటపడడానికి చేప గాలితిత్తి నుంచి తీసిన ఐసింగ్లాస్ అనే పదార్థం కాస్క్ ఏల్స్‌లో వాడడం పాత అలవాటు, మడ్డితో పాటు అదీ అడుగుకి చేరుతుంది కానీ శాకాహారం అని మాత్రం అనలేం. క్రాఫ్ట్ బీర్లలో చాలావాటికి అది వాడరు, అందుకే మబ్బుగా కనిపిస్తాయి. డబ్బా మీద వీగన్ అని ఉందో లేదో చూసుకోమనండి, పబ్‌లో అయితే కౌంటర్‌లో అడిగితే చెప్తారు.